పిడికెడు బియ్యము, ఒక్క డాలరు



పూర్వము మన యిండ్లలో ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయు ఆచారము కలదు. నెల తిరుగునప్పటికి ఆ కుండ నిండి, ఏ సత్రమునకో, ఏ దిక్కులేని బాలింతకో చేరెడిది. పిడికెడు తగ్గినందున ఇంటిలో ఎవ్వరును పస్తుండలేదు. అమెరికాలో ఇద్దరు స్త్రీలు తలపెట్టిన కార్యమును గూర్చి చదివినపుడు నాకు ఆ కుండయే జ్ఞప్తికి వచ్చినది.

ఐక్యరాజ్యసమితికి జనాభా నిధి యను సంస్థ కలదు. 1969లో పని ప్రారంభించిన ఈ సంస్థ బీద దేశములలో గర్భిణులకు వైద్యమును, మంత్రసానులకు శిక్షణమును, సంతాన నియమనమునకు వలయు సాధనములను సమకూర్చుచున్నది. 2002లో అమెరికా కాంగ్రెస్ సభ దీనికై 3 కోట్ల 40 లక్షల డాలర్లు మంజూరు చేయగా, బుష్ ప్రభుత్వము జూలైలో ఆ ధనమును నిలిపివేసినది. చైనాలో జరుగు బలవంతపు గర్భస్రావములకు ఈ సంస్థ తోడ్పడుచున్నదని ఆక్షేపణ. ఆ ప్రభుత్వమే పంపిన పరిశీలకులు మాత్రము అట్టి సాక్ష్యము కానరాలేదనిరి. ఆ ధనమున్నచో 4,700 మంది తల్లుల మరణము తప్పునని సంస్థ లెక్కవేసినది.

అప్పుడు కాలిఫోర్నియాలో ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించిన జేన్ రాబర్ట్స్, న్యూమెక్సికోలో న్యాయవాదినియైన లోయిస్ ఏబ్రహాం, ఒకరినొకరు ఎరుగకయే ఒకే యాలోచన చేసిరి. 3 కోట్ల 40 లక్షల మంది తలకొక డాలరు పంపినచో చాలదా? పిదప ఇరువురును కలిసి పని సాగించిరి. జనులు కవరులలో డాలరు నోట్లు పెట్టి న్యూయార్కులోని కార్యాలయమునకు పంపసాగిరి. 2003 మే నాటికి 10 లక్షల డాలర్లు చేరెను.

ఈ కథ చెప్పగా మావారు, "పన్ను కట్టినవారే మరల చందా యిచ్చుట యేమి న్యాయము? అది ప్రభుత్వము చేయవలసిన పని గదా!" అనిరి. ఆ మాట త్రోసివేయదగినది కాదు. 10 లక్షలనగా నిలిచిపోయిన ధనములో 34వ వంతు మాత్రమే. చందా ఒక నెల వచ్చును, ఒక నెల రాదు. నొప్పులు పడు స్త్రీ చందా వచ్చువరకు ఆగగలదా?

అట్లని ఆ డాలరు వ్యర్థమని నేననను. పన్ను మనచేత కట్టించుకొందురు. మనసార ఇచ్చిన డాలరో, ఈ తల్లి బ్రతుకవలెనను కోరికను వెంట తీసికొనిపోవును. ఆ ధనమును 2009లో మరల ఇచ్చిరి, 2017లో ఆపిరి, 2021లో ఇచ్చిరి, 2025లో మరల ఆపిరి. పాలకుల మనస్సు ఇట్లు మారుచుండగా, కోరువారి గొంతు అణగకుండుట అవసరము గదా!

మన దేశమున 1885లో డఫరిన్ దొరసాని స్థాపించిన నిధియు చందాలతోనే స్త్రీలకు వైద్యురాండ్రను సమకూర్చినది. అట్లు లేచిన ఆసుపత్రులు కొన్ని తరువాత ప్రభుత్వ పోషణకు వచ్చినవి. దానము దారి తీయును. ఆ దారిని నిలుపవలసినది పన్ను ధనమే.

కావున సోదరీ, పిడికెడు తీయుట మానకుము. మన యూరి ఆసుపత్రిలో ప్రసవమునకు వైద్యురాలును, మందులును ఉన్నవా యని అడుగుటయు మానకుము.