కోట్ల కూత, తెగిన గొలుసు

ప్రొ కబడ్డీ లీగ్ 2023 వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్ కోసం రూ.2.60 కోట్లు కుమ్మరించింది. అప్పటికి అదే రికార్డు. ఫలితం? ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లాడితే గెలిచినవి రెండు. పట్టికలో అట్టడుగు స్థానం. పవన్ ఆడలేదా అంటే, ఆడాడు. కూతకెళ్లి పాయింట్లు తెచ్చాడు. ఆయన తెచ్చినవాటిని వెనకున్నవారు నిలబెట్టలేకపోయారు.

అమెరికన్ ఫుట్‌బాల్ ఈ పాఠాన్ని ఎప్పుడో నేర్చుకుంది. అక్కడ బంతితో పరుగెత్తేవాడికి దారి చేసేది ముందు వరసలోని అయిదుగురు భారీకాయులు. వారి పేర్లు ప్రేక్షకులకు పెద్దగా పట్టవు. 1990ల్లో డెన్వర్ బ్రాంకోస్ జట్టులో కోచ్ అలెక్స్ గిబ్స్ వారికో కిటుకు నేర్పారు: ఎదుటి మనిషిని కాదు, మీ వంతు జాగాను కాయండి, పక్కవాడితో కలిసి ఒకే దిక్కుకు కదలండి. 1998లో టెరెల్ డేవిస్ 2,008 గజాలు పరుగెత్తాడు. మరుసటి ఏడాది అతను గాయపడితే, కొత్త కుర్రాడు ఒలాండిస్ గ్యారీ వెయ్యి గజాలు దాటాడు. 2000లో మరో కొత్తవాడు మైక్ ఆండర్సన్ కూడా అంతే. పరుగెత్తేవారు మారినా దారి తెరుచుకుంటూనే ఉంది.

కబడ్డీలో కార్నర్, కవర్ జంటలది ఇలాంటి పనే. కాకపోతే వారు దారి తెరవరు, మూసేస్తారు. చేతులు పట్టుకుని గొలుసుగా నిలిచినవారిలో ఒక్కడు తొందరపడి దూకితే చాలు, రైడర్‌కు ఒకటికి రెండు పాయింట్లు దక్కుతాయి. కార్నర్ చీలమండ అందుకునేదాకా కవర్ ఓపిక పట్టాలి. అందుకున్నాక క్షణమైనా ఆగకూడదు. ఆ లెక్క వేలంలో దొరికే సరుకు కాదు. కలిసి చేసిన సాధనతోనే అబ్బుతుంది.

అంతకుముందు ఢిల్లీని చాంపియన్‌గా నిలిపిన కృషన్ కుమార్ హుడా 2024లో టైటాన్స్ కోచ్‌గా వచ్చారు. గాయంతో పవన్ పలు మ్యాచ్‌లకు దూరమైనా జట్టు ఏకంగా 12 మ్యాచ్‌లు గెలిచింది. 2025లో పవన్ లేకుండానే ప్లేఆఫ్స్‌కు చేరింది. ఇదంతా కోచ్ మహిమే అనలేం, ఆటగాళ్లూ మారారు. కానీ ఒక్కడి మీద కోట్లు పోసి మిగతా ఆరుగురిని గాలికొదిలేస్తే ఏమవుతుందో టైటాన్స్ అభిమానులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చప్పట్లు కూతకే. గెలుపు మాత్రం పట్టుది.