చదువొచ్చిన గాడిద

ఉగాది సంచికలో పందులూ గాడిదల ప్రసక్తి ఏమిటని పాఠక మిత్రులు నొసలు ముడివేయవచ్చు. కానీ జంతువుల చేత మాట్లాడించి రాజనీతి చెప్పడం మనకు కొత్త కాదు. చిన్నయ సూరి గారి ‘నీతిచంద్రిక’ (1853) చదువుకున్న వారికి పింగళకుడనే సింహాన్నీ, సంజీవకుడనే ఎద్దునూ, వాటి మధ్య చిచ్చుపెట్టిన దమనకుడనే నక్కనూ పరిచయం చేయనక్కరలేదు.

ఇక్కడ హమద్ టౌన్‌లో పెరుగుతున్న మన పిల్లల చేతికి అదే కోవకు చెందిన ‘యానిమల్ ఫామ్’ వస్తుంది. బీహారులోని మోతీహారిలో 1903లో పుట్టిన జార్జ్ ఆర్వెల్ నవల అది, 1945లో వెలువడింది. యజమానిని తరిమి స్వరాజ్యం తెచ్చుకున్న పశువులు చివరకు పందుల ఏలుబడిలో పడతాయి. నెపోలియన్ అనే పంది స్టాలిన్, స్నోబాల్ ట్రాట్‌స్కీ, బాక్సర్ అనే గుర్రం శ్రామికుడు - ఇలా పట్టిక వేసి బట్టీపడితే పరీక్ష గట్టెక్కవచ్చు. అయితే సోవియట్ యూనియన్ 1991లోనే అంతరించింది. పట్టికతోనే సరిపెడితే నవల కూడా పాత వార్తాపత్రికే అవుతుంది.

మనవంటి వారు తరచి చూడవలసిన పాత్ర బెంజమిన్ అనే గాడిద. దానికి పందులతో సమానంగా చదవడం వచ్చు. బాక్సర్‌కు నాలుగక్షరాలు దాటవు. గోడమీది శాసనాలకు పందులు ఒకటి రెండు మాటలు తగిలించి అర్థం తారుమారు చేస్తాయి. క్లోవర్ అనే ఆడగుర్రం వచ్చి కాస్త చదివి పెట్టమంటే, ఇలాంటి వాటిలో తలదూర్చనంటుంది గాడిద. పనిచేసి పనిచేసి కుప్పకూలిన బాక్సర్‌ను ఆసుపత్రికని తీసుకుపోతున్నప్పుడు మాత్రం, ఆ బండి కబేళా వాడిదని గట్టిగా చదివి వినిపిస్తుంది. అప్పటికే బాక్సర్ బండిలో ఉంది.

మన పంచతంత్రం పహ్లవీ భాష మీదుగా ఎనిమిదో శతాబ్దంలో అరబ్బీకి చేరింది. కరటక దమనకులు ‘కలీలా, దిమ్నా’ అయ్యారు. మన కథలో దమనకుడికి శిక్ష లేదు. కరటకుడు తప్పని తెలిసీ మందలించి ఊరుకుంటాడు. అరబ్బీ గ్రంథంలో అదనంగా ఒక అధ్యాయం ఉంది. అనువాదకుడు ఇబ్న్ అల్ ముకఫ్ఫాయే దాన్ని చేర్చాడని పండితుల అభిప్రాయం. అందులో దిమ్నాపై విచారణ జరుగుతుంది. నక్కల మాటలు చాటుగా విన్న చిరుతపులి సాక్ష్యం చెబితేగాని శిక్ష పడదు.

ఈ రెండు కథలూ గల్ఫ్‌లోని మనల్ని అడిగే ప్రశ్న ఒక్కటే. కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మన అన్నదమ్ములు ఎందరో తాము చదవలేని కాగితాల మీద సంతకాలు పెడుతుంటారు. ఒకసారి ఒప్పందపత్రం, ఒకసారి జీతం రసీదు, ఒకసారి ఆసుపత్రి కాగితం. డాక్టర్లం, ఇంజనీర్లం - మనకు చదవడం వచ్చు. ‘మనకెందుకొచ్చిన గొడవ’ అనేది మనలో లోకజ్ఞానంగా చలామణీ అవుతోంది. పరాయి దేశంలో జాగ్రత్త అవసరమే, కాదనం. కానీ తోటివాడికి కాగితం చదివి అర్థం చెప్పడం రాజకీయం కాదు. సంతకానికి ముందు చెబితే అది సాయం. ఆ తర్వాత సానుభూతి మాత్రమే.

చదవడం వచ్చినవారు పదిమందికీ చదివి వినిపించడమే గదా ఉగాది నాటి పంచాంగ శ్రవణం! సంఘం తరఫున శుక్రవారాల్లో ఒక గంట ఆ ఆచారాన్నే ఏడాది పొడవునా సాగిద్దాం.