అప్పు ఎవరిది, షరతు ఎవరి మీద?

నేనుండే సంచౌంగ్ గల్లీలో కరెంట్ పోతే చీకటి కంటే ముందు చప్పుడు వస్తది. ఫుట్‌పాత్ మీది జనరేటర్లు ఒక్కొక్కటే మొదలైతయి. 2013 నవంబర్ 1 నుంచి నెలకు వంద యూనిట్లు దాటితే యూనిట్‌కు 35 క్యాట్ల బదులు 50 క్యాట్లు కట్టాలని ఇక్కడి సర్కారు ప్రకటించింది. యాంగన్ జనం రోడ్డెక్కిన్రు. పెంపు వాయిదా పడ్డది.

"మీ దేశంలో గూడ ఇట్లనే అయితదా?" అని మా పక్కింటి పెద్దాయన అడిగిండు. బషీర్‌బాగ్ గురించి చెప్పిన.

మయన్మార్‌ది 2013లో ప్రపంచమంతా మెచ్చుకున్న కథ. 2012 ఏప్రిల్‌లో క్యాట్ మారకం విలువను మార్కెట్‌కు దగ్గర చేసిన్రు. 2013 జనవరిలో పారిస్ క్లబ్ దేశాలు దాదాపు 600 కోట్ల డాలర్ల బాకీ మాఫీ చేస్తమన్నయి. జపాన్ ఇచ్చిన చేబదులుతోని పాత బకాయిలు తీర్చినంక ప్రపంచ బ్యాంకు 44 కోట్ల డాలర్ల కొత్త అప్పు ఇచ్చింది. సర్కారు వాదనలో కూడా పస ఉండె. అప్పుడు ఈ దేశంలో ఎక్కువ మందికి కరెంటే లేకుండె. చౌక రేటు లైన్ ఉన్నోళ్లకే అందేది. కానీ ఆ మాట జనానికి ముందు చెప్పి ఒప్పించాలె గదా!

మన దగ్గర జరిగిందేమిటి? 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోగా విడగొట్టిన్రు. అదే నెల ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. తర్వాతి ఏడు చార్జీలు పెరిగినయి. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు బలైన్రు. 2002లో బోధన్ నిజాం షుగర్స్‌లో పెద్ద వాటా ప్రైవేటుకు పోయింది. కాలువ నీళ్లు లేక బోరు మీద బతికే తెలంగాణ రైతుకు కరెంటంటే నీళ్లే. ఆ రైతును ఎవరూ అడగలేదు.

టాంజానియాలో కూడా ఇదే తంతు. దాతల షరతు మీద 2003లో దార్ ఎస్ సలామ్ నీళ్ల సరఫరాను ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పిన్రు. రెండేండ్లు తిరక్కుండనే, 2005లో, ఆ సర్కారే ఒప్పందం రద్దు చేసింది.

అప్పు తప్పని నేననను. పల్లెకు లైన్ గుంజాలంటే పైసలు కావాలె. నా అభ్యంతరం ఒక్కటే: సంతకం పెట్టేది ఒకరు, కట్టేది ఇంకొకరు.

"ముందు రాష్ట్రం రానీ, ఇవన్నీ తర్వాత" అని అప్పట్ల మన మిత్రులే అన్నరు. 2013 అక్టోబర్ 3న కేంద్ర కేబినెట్ ఒప్పుకున్నది. రాష్ట్రమంటే ఆస్తులతో పాటు అప్పులూ పంచుకునుడే. మన సర్కారు వచ్చినా అప్పిచ్చేటోళ్లు మారరు, అవే కాయితాలు పట్టుకొని వస్తరు. అందుకే ఇప్పుడే అడుగుదాం: ప్రతి విదేశీ అప్పు ఒప్పందాన్ని సంతకానికి ముందే తెలుగులో అచ్చేసి జనం ముందర పెట్టాలె, అసెంబ్లీలో చర్చించాలె. దూరాన ఉన్న మనం జై కొట్టుడే కాదు, లెక్క కూడా అడగాలె.

గద్దె మీద మనోళ్లున్నా షరతు మనకు తెల్వకుంటే అది స్వపరిపాలన ఎట్లయితది?

జై తెలంగాణ!