America Gulf Explainer: అమెరికా వెనక్కి తగ్గితే ఏర్గట్లకేంటి? గల్ఫ్ కుటుంబాలు తెలుసుకోవాల్సిన లెక్క ఇదీ!

అగ్రరాజ్యం బలం తగ్గుతోందన్న చర్చ వాషింగ్టన్‌లో జరుగుతోంది. కానీ దాని ప్రభావం నిజామాబాద్ జిల్లా ఏర్గట్ల, మోర్తాడ్, ఆర్మూర్ వైపు ఊళ్లకూ తగులుతుంది. ఎందుకంటే ఇక్కడ చాలా ఇళ్లకు పైసలొచ్చే దారులు రెండు. ఒకటి గల్ఫ్, రెండోది అమెరికా. రెండింటి తాళం ఒకే దేశం చేతిలో ఉంది.

అసలు అమెరికా బలం తగ్గిందా?

పూర్తిగా కాదు. మిగతావాళ్లు పెరిగారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినప్పుడు ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు సగం అమెరికాదే. ఇప్పుడు పావు వంతు చుట్టూ ఉంది. 2025 అక్టోబర్‌లో ఆ దేశం అప్పు 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది. 2024 ఆర్థిక సంవత్సరంలో అప్పుల మీద కట్టిన వడ్డీ, రక్షణ ఖర్చునే మించిపోయింది.

మరి ముందున్న దారులేంటి?

1. అన్నిచోట్లా పట్టు నిలుపుకోవడం. ఖర్చు భరించడం రోజురోజుకూ కష్టమే.

2. భారం పంచడం. 2025 జూన్‌లో హేగ్ సదస్సులో నాటో దేశాలు 2035 నాటికి జీడీపీలో 5 శాతం రక్షణకు ఖర్చు పెడతామని ఒప్పుకున్నది ఇందుకే.

3. ఇల్లు చక్కబెట్టుకుని దూరం తగ్గించుకోవడం. 2025 డిసెంబర్‌లో వచ్చిన జాతీయ భద్రతా వ్యూహం సొంత ఖండానికే పెద్దపీట వేసింది. పశ్చిమాసియానే ప్రధానమనుకున్న రోజులు పోయాయని చెప్పింది.

4. బయటివాళ్ల దగ్గర వసూలు చేయడం. 2025 ఆగస్టు 27న భారత్ సరుకులపై అమల్లోకి తెచ్చిన 50 శాతం సుంకం, సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు ఈ కోవలోవే.

ఒక్క దారినే పట్టుకోకుండా అన్నింటినీ కలిపి వాడుతోంది అమెరికా. అసలు ఇబ్బంది అక్కడే. ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ తప్పుకుంటుందో మిత్రదేశాలకే అర్థం కావడం లేదు.

బ్రిటన్ తప్పుకున్నప్పుడు ఏం జరిగింది?

ఒకప్పుడు గల్ఫ్‌కు కాపలా బ్రిటన్‌ది. 1966 దాకా దుబాయ్‌లో మన రిజర్వ్ బ్యాంక్ అచ్చువేసిన గల్ఫ్ రూపాయే నడిచేది. 1967లో పౌండ్ విలువ తగ్గించాల్సి వచ్చింది. 1968 జనవరిలో ప్రధాని హెరాల్డ్ విల్సన్ గల్ఫ్ నుంచి సైన్యాన్ని వెనక్కి పిలుస్తామని ప్రకటించారు. 1971 డిసెంబర్ 2న యూఏఈ పుట్టింది. తర్వాత చమురు డబ్బు, ఆ వెంటే మన జిల్లాల నుంచి వలసలు.

అంటే ఒక అగ్రరాజ్యం తప్పుకున్నా పని ఆగలేదు. కాపలా బాధ్యతను మొదట ఇరాన్, సౌదీల మీద పెట్టిన అమెరికా, 1979లో ఇరాన్ షా పడిపోయాక తానే దిగింది. 1990 ఆగస్టు 2న కువైట్‌లోకి ఇరాక్ సైన్యం చొరబడింది. అప్పుడు సుమారు 1.7 లక్షల మంది భారతీయుల్ని విమానాల్లో తెచ్చుకోవాల్సి వచ్చింది. కాపలా ఎవరిదో తేలని చోట తప్పుడు అంచనాలు వేసేవాళ్లుంటారు. మూల్యం చెల్లించేది మాత్రం కూలీలే.

ఇప్పుడు పరిస్థితి ఏంటి?

అమెరికా స్థావరాలు ఖతార్, బహ్రెయిన్‌లో ఉన్నాయి. అయినా 2025 జూన్‌లో ఖతార్‌లోని అల్ ఉదైద్ మీద ఇరాన్ క్షిపణులు వేసింది. సెప్టెంబర్ 9న దోహాపై ఇజ్రాయెల్ దాడి చేసింది. ఎనిమిది రోజుల్లోనే సౌదీ, పాకిస్థాన్‌తో రక్షణ ఒప్పందం చేసుకుంది. తర్వాత ఖతార్‌కు భద్రతా హామీ ఇస్తూ ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. కానీ అప్పటికే గల్ఫ్ దేశాలు రెండో గొడుగు వెతుక్కోవడం మొదలుపెట్టేశాయి.

పైసల లెక్క కూడా మారుతోంది. రిజర్వ్ బ్యాంక్ సర్వే ప్రకారం 2023-24లో దేశానికి వచ్చిన ప్రవాసుల డబ్బులో అమెరికా వాటా 27.7 శాతం, ఆరు గల్ఫ్ దేశాలది కలిపి 38 శాతం. 2016-17లో గల్ఫ్ వాటా 47 శాతం దాకా ఉండేది. గల్ఫ్ వద్దని పిల్లల్ని అమెరికా పంపిన ఇళ్లకు ఇప్పుడు వీసా దెబ్బ. ఒక రిస్క్ తప్పించుకోబోతే ఇంకో రిస్క్ ఎదురైనట్టే.

మరి ఏం చేయాలి?

అమెరికా ఏ దారి పట్టాలో ఏర్గట్ల నిర్ణయించలేదు. కానీ కాగితం చేతిలో ఉంటుంది. పదో తరగతి పాస్ కాని కార్మికులు ఈ-మైగ్రేట్ ద్వారా క్లియరెన్స్ తీసుకుని వెళ్తే ప్రభుత్వ రికార్డులో పేరుంటుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలే. విజిట్ వీసా మీద పోయి అక్కడే పనిలో కుదిరినవాళ్లు ఈ రికార్డులోకీ రారు, బీమాలోకీ రారు.

రేపు ఎప్పుడైనా కువైట్ లాంటి రోజే వస్తే, విమానం పంపేముందు ప్రభుత్వం అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. మనవాళ్లు అక్కడ ఎంతమంది? ఆ లెక్కలో ఇంటివాళ్ల పేరు ఉందో లేదో ఇప్పుడే చూసుకోవడం మంచిది.