వెయ్యికి నలభై అయిదు... ఎప్పుడిస్తారండీ?

బోనస్ అనే మాట వింటే చాలు, మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి లెక్కలు మర్చిపోయే జబ్బేదో ఉందని నా అనుమానం. పొద్దస్తమానం పక్కవాడి కోడులో తప్పులు వెతుకుతాం. ఇన్సూరెన్స్ కాగితం దగ్గరికొచ్చేసరికి మాత్రం "సంతకం ఎక్కడండీ?" అంటాం.

మా ఇంటికొచ్చిన ఏజెంటు బాబాయ్ గారి లెక్క వినండి. హోల్ లైఫ్ పాలసీ, బీమా మొత్తం 10 లక్షలు, ఏటా 50 వేల చొప్పున 20 ఏళ్ళు కట్టాలి. బోనస్ వెయ్యికి 45. "కట్టేది యాభై, బోనస్సే నలభై అయిదు! ఏ బ్యాంకు ఇస్తుందయ్యా?" అన్నారు. మా నాన్న తలూపేశారు కూడా.

ఆ 45 ని మీరు కట్టిన డబ్బు మీద లెక్కేస్తారనుకుంటే పొరపాటే, అది బీమా మొత్తం మీద. మన దగ్గర సాధారణంగా అమ్మే పాలసీల్లో ఇది చక్రవడ్డీ కూడా కాదు. లూపులో ప్రతి ఏడూ ఒక 45 వేలు కూడుతూ పోతారు, అంతే. గుణకారం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ డబ్బు చేతికి రాదు. మనం పోయాక ఇంట్లోవాళ్ళకో, పాలసీ గడువు తీరాకో వస్తుంది. మధ్యలో కావాలంటే కోతపెట్టి కొంతే ఇస్తారు.

28 ఏళ్ళకి మొదలుపెట్టి 78కి పోయాననుకుందాం. బోనస్ యాభై ఏళ్ళూ అంతే ఉందనుకుంటే 22.5 లక్షలు, అసలుతో కలిపి 32.5 లక్షలు. చూడ్డానికి బావుంది కదా? ఎక్సెల్‌లో వేసి చూడండి, ఏడాదికి 3 శాతం కూడా రాదు! ధరలు ఏటా 6 శాతం పెరిగితే మొదటి ఏడాది బోనస్ 45 వేలు అప్పటికి ఇవాల్టి 2,400 రూపాయల పాటి.

పోనీ, అది కంపెనీ వాళ్ళు ఇచ్చే కానుకా? కాదు. బోనస్ వచ్చే పాలసీకి ప్రీమియం ముందే ఎక్కువ తీసుకుంటారు. ఏటా యాక్చువరీ లెక్కకట్టి, మిగిలినదాంట్లో మన వాటా పంచుతారు. 1956 చట్టం ప్రకారం ఎల్.ఐ.సి. మిగులులో కనీసం 95 శాతం పాలసీదారులదే. 2021 సవరణతో అది 90 కి దిగింది.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఒకసారి ప్రకటించిన బోనస్ వెనక్కి తీసుకోరు. చివర్లో అదనపు బోనస్ కొంత కలవొచ్చు. క్రమశిక్షణ లేనివాడికి ఇదో బలవంతపు పొదుపు. కాదనను.

కానీ నా బాధ వడ్డీ గురించి కాదు. నా పక్క సీటు కుర్రాడికి 40 లక్షల హోమ్ లోను, ఏడాది పాప. ఇలాంటి పాలసీకే 50 వేలు కడుతున్నాడు. రేపు వాడికేమన్నా అయితే వచ్చేది 10 లక్షలూ, చిల్లర బోనస్సూ. మిగతా అప్పు ఎవరు తీర్చాలి, ఆ పాపా? ఆ వయసులో అందులో కొంత డబ్బుతోనే కోటి రూపాయల టర్మ్ పాలసీ దొరుకుతుంది. మిగిలింది పీపీఎఫ్‌లో వేసుకున్నా చక్రవడ్డీ.

నేను సంతకం పెట్టలేదు. "మనవాడేరా, ఏమనుకుంటాడు?" అని నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు. ఏమనుకున్నా సరే. మొహమాటానికి 20 ఏళ్ళు ఈఎమ్ఐ కట్టలేను.

ఈసారి ఎవరైనా "వెయ్యికి ఇంత" అంటే ఒక్కటే అడగండి: ఎప్పుడిస్తారండీ?