బురదలో దిగే ముందు పాదం చూసుకోండి

మొన్న జనవరిలో దర్శిలో మా ఆసుపత్రికి ఒక రిటైరైన మాస్టారు వచ్చారు. వయసు 62. పన్నెండేళ్ళుగా చక్కెర వ్యాధి వుంది. "కుడికాలు వాచింది డాక్టరు గారూ, చెప్పు పట్టడం లేదు" అంటూనే కెమెరా చేతిలో పెట్టారు. ఫొటోలో బురద, ఎండు దుబ్బులు తప్ప నాకేమీ కనబడలేదు. "అదిగో, ఉల్లంకి పిట్ట" అని వేలుపెట్టి చూపించారు.

ఉల్లంకి చలికాలంలో ఉత్తరాన్నించి మన మాగాణులకూ చెరువు అంచులకూ వలస వస్తుంది. ఒంటినిండా ఎండుగడ్డి రంగు చారలు. కదలకుండా కూర్చుంటే ఎదురుగా వున్నా కంటికి ఆనదు. బాగా దగ్గరకు వెళితే దిగ్గున లేచి వంకర టింకరగా ఎగిరిపోతుంది. దాన్ని తుపాకితో కొట్టడం ఎంత కష్టమంటే, ఇంగ్లీషులో 'స్నైపర్' అన్న మాట ఈ పిట్ట వేట నుంచే పుట్టింది. మాస్టారు దానికోసం సాగరు కాలువ కింద వరి మళ్ళలో, చెప్పులు గట్టుమీద విడిచి, వరసగా నాలుగు రోజులు తెల్లవారుజామునే బురదలో నిలబడ్డారట.

పాదం ఎత్తి చూశాను. బొటనవేలి మొదట్లో తుమ్మముల్లు విరిగి లోపలే వుంది. చుట్టూ చీము.

"నొప్పి లేదా?"

"అసలు లేదండీ."

ఆ నొప్పి లేకపోవడమే ప్రమాదం. ఉల్లంకి ముక్కు కొసన నరాలు దట్టంగా వుంటాయి. బురదలో దాగిన పురుగును అది స్పర్శతోనే పసిగడుతుంది. చక్కెర చాలాకాలం అదుపులో లేకపోతే మన పాదాల్లో నరాలు దెబ్బతిని ఆ స్పర్శే పోతుంది. రక్తప్రసారమూ తగ్గవచ్చు. అప్పుడు చిన్న గాయం తెలియకుండా ముదిరి ఎముకదాకా పాకుతుంది. వేలో, కాలో తీసేయవలసి రావచ్చు.

ముల్లు తీసి, చీము శుభ్రం చేసి, ధనుర్వాతం టీకా, యాంటిబయాటిక్ మందులు ఇచ్చాం. ఎక్స్‌రేలో ఎముక బాగానే వుంది. అయినా ఆరువారాలు ఆ పాదం మీద బరువు మోపవద్దన్నాను. ఇంకో వారం ఆలస్యమైతే వేలు దక్కేదని చెప్పలేను.

పిట్టల్ని చూడడం మానమని నేను అనను. అయితే చక్కెర వ్యాధి వున్నవారు ఈ జాగ్రత్తలు పాటించాలి.

ఒట్టి కాళ్ళతో బురదలో దిగవద్దు. కాలికి సరిపోయే రబ్బరు బూట్లు, పొడి మేజోళ్ళు వేసుకోండి. తొడిగే ముందు బూటు బోర్లించి దులపండి.

మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఖాళీ కడుపుతో బయలుదేరవద్దు. జేబులో కాస్త పంచదార వుంచుకోండి.

ఇంటికి రాగానే పాదాలు సబ్బుతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి తుడిచి, అద్దంలో అరికాలు చూసుకోండి. ఆనకపోతే ఇంట్లోవారి చేత చూపించుకోండి. వేడి కాపడం పెట్టవద్దు, కాలినా తెలియదు.

మిగతావారికీ ఒక మాట. పొలం నీళ్ళలో కలిసిన ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ రావచ్చు. సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో జ్వరం, పిక్కల్లో నొప్పులు, కళ్ళెర్రబడడం కనిపిస్తాయి. అప్పుడు "బురదలో తిరిగాను" అని డాక్టరుకు తప్పక చెప్పండి. పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం చేయకుండా, కాలు కదపనీయకుండా 108కి ఫోను చేయండి.

మార్చిలో మాస్టారు మళ్ళీ వచ్చారు. పుండు మానింది. "ఉల్లంకి ఇంకా వుంటుందంటారా?" అని అడిగారు.

"వుంటుంది. ముందు మీ బూట్లు చూపించండి" అన్నాను.