మారు వడ్డన

భోజనశాల మంచిచెడ్డలను తూచే త్రాసు ఏది? రుచి అని కొందరు, శుచి అని కొందరు, వెల అని మరికొందరు అంటారు. మూడును కావలసినవే. ఐనను, ఒకే వెలకు కడుపునిండా పెడతామని బోర్డు కట్టిన భోజనశాలలను పోల్చేటప్పుడు ఈ మూటికంటె ముందు చూడవలసినది వేరొకటి ఉన్నది. అది మారు వడ్డన. మొదటి వడ్డన మనం చెల్లించిన వెలకు బదులు. రెండవ వడ్డన పెట్టేవాని మనసుకు గుర్తు.

కర్నూలు రాజవిహార్ కూడలి ప్రాంతంలో గాని, కడప ఏడురోడ్ల కూడలి ప్రాంతంలో గాని తిరిగి చూస్తే నేడు ముఖ్యంగా మూడు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది పాత ఫుల్ మీల్స్. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు అమర్చి, అన్నం గిన్నెతో ఒక మనిషి బల్లల మధ్య తిరుగుతూ ఉంటాడు. రెండవది బఫే. వంటకాలన్నీ వరుసగా పేర్చి ఉంటాయి. ఎవరికి కావలసినది వారే తెచ్చుకుంటారు. మూడవది ప్లేట్ మీల్స్. అన్నం లెక్కగా పెడతారు. మళ్లీ కావాలంటే మళ్లీ వెల. మొదటి రెండూ 'అన్‌లిమిటెడ్' అనే ఒకే బిరుదు తగిలించుకున్నవి. ఆ బిరుదు రెంటికీ సమానంగా చెల్లుతుందా అన్నదే ప్రశ్న.

వెలకు అన్నం పెట్టడం మనకు కొత్త కాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూటింటి ప్రస్తావన ఉన్నది. అక్కడ ఒక్క రూకకు అన్నం, పిండివంట, పప్పు, నెయ్యి, పండ్లు దొరికేవని కవి ముచ్చటపడి చెప్పాడు. ఆ ఘట్టం తరగతిలో చెప్పేటప్పుడు మా విద్యార్థులు ముందుగా అడిగేది, రూకకు ఎంత పెట్టేవారని. రాయలసీమ బిడ్డ అడగవలసిన ప్రశ్నే అది. ఏలనన్న, ఈ నేలమీద అన్నానికి కొలత అన్నది కరువుకు మారుపేరు.

1876-78 నాటి ధాత కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు అలమటించాయి. కరువు పనికి వచ్చిన పురుషునికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై ఒక అణా చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. పౌను అంటే అరకిలోకు తక్కువ. రోజంతా మట్టి మోసేవానికి అది చాలదని మదరాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ వాదించాడు. ఆ తరువాత తరాలకు కూడ మెట్టపల్లెలలో వరి అన్నం పండుగపూట పదార్థమే. జొన్నరొట్టె, కొర్రన్నం, రాగిసంగటి నిత్యపు తిండి. కె.సి. కాలువ పారినచోట వరి పండింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తరువాత వరి అన్నం బీదయిండ్లకూ చేరింది. ఇట్టి సీమవాడు పట్నానికి వచ్చి 'అన్నం ఎంతైనా' అనే మాట వింటే, తనకు గౌరవం చేస్తున్నారనే తలుస్తాడు. విచిత్రమేమంటే, నేడు చాలా హోటళ్లలో వరి అన్నానికి లెక్క లేదు. రాగిసంగటికి మాత్రం ముద్దల లెక్క ఉన్నది!

బఫే కథ వేరు. 1958లో టోక్యో ఇంపీరియల్ హోటలువారు ఉత్తర ఐరోపా విందు పద్ధతిని అనుసరించి ఇట్టి భోజనం ప్రారంభించి, దానికి 'వైకింగ్' అని పేరు పెట్టారు. జపానులో బఫేకు నేటికీ ఆ పేరే వాడుక. ఇప్పుడు దేశదేశాల నగరాలలో ఒకే వెలకు ఎంతైనా తినదగిన సుషీ భోజనశాలలు ఉన్నాయి. పులుపు కలిపిన చిన్న అన్నపు ముద్దపై చేపముక్క పెట్టి ఇచ్చేదే సుషీ. కొందరు చేప తిని అన్నం విడిచిపెడతారు గనుక, విడిచిన ముద్దలకు అదనపు వెల తీసుకుంటామని పలుచోట్ల నియమం పెట్టారు. కూర్చునే సమయానికీ గడువు ఉంటుంది. తిన్నవానికీ పెట్టినవానికీ మధ్య అది ఒక పందెం. మన పట్టణాల బఫేలో కూడ ఆ పందెమే సాగుతున్నది. పళ్లెంలో గుట్టలు పేర్చుకొని సగం విడిచి లేచేవారిని చూడండి. అక్కడ కన్ను కొలుస్తున్నది. ఆకలికి పని లేదు.

ఫుల్ మీల్స్‌లో ఆకలే కొలత. కావలసినప్పుడు కావలసినంతే విస్తట్లో పడుతుంది. కనుక నా ఓటు దానికే. ఐతే అక్కడ కూడ ఒక చిక్కు ఉన్నది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే అని సామెత. మనవాడు కాకపోతే? కర్నూలు పెద్దాసుపత్రిలో రోగికి తోడుగా వచ్చిన రైతు, మార్కెట్ యార్డులో మూటలు మోసే హమాలీ టికెట్టు కొనేది రోజుకు ఒక్క పూటకే. ఆ పూటతోనే వారు రోజు గడపాలి. మూడవమారు అన్నం అడిగితే గిన్నెవాడు వినబడనట్లు ప్రక్కబల్లకు నడుస్తాడు. అడగకుండానే పెరుగు తెచ్చి ముందుంచడం, ఇక లెమ్మని చెప్పడానికి మరొక మర్యాద. బోర్డు మీద హద్దు లేదు, గరిటెకు ఉన్నది. నాబోటి చదువరి బోర్డు చూపి తగవు పడగలడు. ఆ రైతు మొహమాటపడి చేయి కడుక్కుంటాడు.

బియ్యం వెలలు, వంటవారి జీతాలు పెరిగినవి, అంతులేకుండా పెట్టి నిలువగలమా అని యజమానులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అట్లయితే వంటకాల సంఖ్య తగ్గించండి. రెండు కూరలకు బదులు ఒకటి చాలు, మిఠాయి అక్కరలేదు. అన్నం, పప్పు, మజ్జిగ, ఈ మూటికి మాత్రం నిజంగా హద్దు పెట్టకండి. అదికూడ సాధ్యం కానివారు ప్లేట్ మీల్స్ అని ఉన్నదున్నట్లు వ్రాసుకోవచ్చు. కొలతలో అవమానం లేదు, దాచిన కొలతలోనే ఉన్నది. 2018లో ఆరంభమై, నడుమ ఆగి, 2024లో మళ్లీ తెరచిన అన్న క్యాంటీన్లలో అయిదు రూపాయలకు పెట్టే అన్నం కొలతగానే పెడతారు. అక్కడ ఎవరూ మోసపోయామనుకోరు.

మంత్రాలయం మఠంలోను, అవధూత కాశినాయన పేర వెలసిన ఆశ్రమాలలోను, 1985 నుండి తిరుమలలోను జరిగే అన్నదానంతో హోటళ్లను పోల్చడం ధర్మం కాదు. దానం దానమే, వ్యాపారం వ్యాపారమే. ఐనా పంక్తి వెంట అడగకముందే మళ్లీ రావడమనే మర్యాదను అక్కడినుండి అరువు తెచ్చుకోవచ్చు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గాని, ఆకలిగొన్న పరాయివాడు అడగలేడు. అతనికి పెట్టేవాడే అడగాలి.

కనుక ఈ రెండు పట్టణాలలో ఏ భోజనశాల మేలని విచారించే మిత్రులకు నా మాట ఇది. మీ విస్తరిని చూసి తీర్పు చెప్పకండి. ప్రక్కబల్ల దగ్గర మాసిన తలగుడ్డతో కూర్చున్నవాని విస్తరి చూడండి. అతని దగ్గరకు అన్నం గిన్నె మూడవమారు తనంతట తాను వచ్చిందా? వచ్చి ఉంటే ఆ బోర్డు నిజం చెప్తున్నది. ధైర్యంగా లోపలికి వెళ్లండి.